పిడుదులు తీసిన శ్రావణం

నేను ఒక శ్రావణాన్ని. పంచాంగంలో వచ్చే నెలను కాదు. కంసాలి చేతిలో ఉండే సన్నమూతి పట్టకారును. జానెడు పొడవు కూడా ఉండను. రెండు ఉక్కు రేకులు వెనక కలిసి ముందు విడిపోయి ఉంటాయి, ఎవరైనా వేళ్ళతో నొక్కితే తప్ప మూతులు కలవవు. ఎదుటి వస్తువును గట్టిగా పట్టుకుని, వెలుతురుకెత్తి, ఇది అసలుదేనా అని చూసుకోవడానికే నన్ను చేశారు. అందుకని అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. నా కథ చదవడానికి కూర్చున్న మీ మీద కూడా నాకు పెద్ద నమ్మకమేమీ లేదు. సగంలో లేచి పోరని ఎవరు చెప్పగలరు?

రేపల్లె కంసాలి బజారులో లక్కోజు వీరభద్రాచారి అనే ఆయన, అరగదీసే ఉక్కు ఆకురాయి ఒకటి అరిగిపోతే దాన్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మడిచి నన్ను తయారుచేశాడు. పని పూర్తయ్యాక తన మీసంలోంచి ఒక తెల్లవెంట్రుక పెరికి గచ్చు మీద పడేసి, నాతో ఎత్తి చూశాడు. రెండుసార్లు జారింది. మళ్ళీ రాతి మీద నా మూతులు నూరి, ఈసారి వెంట్రుక లేచాక, ‘ఇక నువ్వు పనికొస్తావు’ అన్నట్టు చెవి వెనక పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ చెవి వెనకే ఉన్నాను. ఆయన పోయాక కొడుకు మౌనేశ్వరాచారి చెవి వెనకకి వచ్చాను. బజారంతా ఆయన్ని మౌనాచారి అంటారు.

ఆ రోజుల్లో కంసాలికి బంగారం ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళు లేరు. ఇచ్చి, ఎదురుగా కూర్చునేవాళ్ళు. పొద్దున్నే చద్దన్నం తిని వచ్చి కుంపటి ముందు పీట వేసుకుని, గొలుసు తయారై తూకం చూసుకునేదాకా కదిలేవాళ్ళు కాదు. బంగారం తెచ్చినాయనకి భోజనం వేళైతే తమ్ముణ్ణి కూర్చోబెట్టి వెళ్ళేవాడు. ఎవరూ ఖాళీగా లేకపోతే ఇంట్లో ముసలమ్మని తెచ్చి దించి పోయేవాళ్ళు. ఆవిడకి చూపు ఆనదు, అయినా మా మౌనాచారి వేళ్ళ వంకే చూస్తూ కూర్చునేది. దగ్గితే అనుమానం, పంచె సర్దుకుంటే అనుమానం, తుమ్ము వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి కూడా లేదు.

వీరభద్రాచారి దాన్ని నవ్వుతూ భరించాడు. కొడుక్కి ఆ నవ్వు రాలేదు. ఒక్క రవ్వ ముట్టని మనిషిని ఒక జీవితమంతా దొంగని చూసినట్టు చూస్తే ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. ఆయన కూడా తిరిగి అందరినీ అలాగే చూడటం నేర్చుకున్నాడు. పాలవాడు నీళ్ళు కలిపాడంటాడు. పోస్టుమాను ఉత్తరం ఒకసారి విప్పి మళ్ళీ అంటించాడంటాడు. భార్య విశాలాక్షమ్మ కూరలో ఉప్పు ఎక్కువ వేస్తే, ‘ఏం, నా మీద కోపమా?’ అని కంచం ముందు కూర్చుని విచారణ మొదలుపెడతాడు.

తర్వాత గాజు తలుపుల నగల దుకాణాలు వచ్చాయి. చేయించుకునేవాళ్ళు తగ్గి, తెగిన గొలుసు అతికించమనీ, ముక్కుపుడక మర బిగించమనీ వచ్చేవాళ్ళు మిగిలారు. కుంపటి ముందు పీట ఖాళీ అయింది. అలా ఖాళీగా ఉన్న ఒక వానాకాలపు మధ్యాహ్నం, తడిసి ముద్దయిన కుక్కపిల్ల ఒకటి గడప దాటి వచ్చి ఆ పీట పక్కన కూర్చుంది. ఎర్రటి ఒళ్ళు, నెత్తి మీద నల్లమచ్చ. మౌనాచారి దాన్ని వెళ్ళగొట్టడానికి ఊదుగొట్టం ఎత్తాడు. అది ఆయన మొహం చూసింది, చేతుల వైపు చూడనే లేదు. రెండు నిమిషాల్లో కుంపటి వెచ్చదనానికి నిద్రపోయింది.

“చూశావుటే” అన్నాడు భార్యని పిలిచి, గొంతు తగ్గించి. “నా ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది.”

దానికి గురిగింజ అని పేరు పెట్టాడు. పిలవడానికి గింజ. ఆయన మనస్ఫూర్తిగా ప్రేమించిన ప్రాణి అదొక్కటే అంటే విశాలాక్షమ్మ ఒప్పుకోకపోవచ్చు గానీ, కాదని కూడా అనదు.

ఇప్పుడు నా పతనం గురించి చెప్పాలి. మరుసటేడు ఎండాకాలంలో, గింజ చెవి లోపల ఆముదపు గింజంత బూడిదరంగు వస్తువొకటి మౌనాచారి వేలికి తగిలింది. కణితి అనుకున్నాడు. పరీక్షగా చూస్తే దానికి కాళ్ళున్నాయి. పిడుదు. మా వైపు కొందరు గోమారి అంటారు. ఏ పేరుతో పిలిచినా పని ఒకటే, చర్మంలోకి మూతి దించి, తనకన్నా పదింతలు ఉబ్బేదాకా రక్తం తాగడం. మొదట అందరూ చెప్పినవే చేశాడు. కిరసనాయిలు రాశాడు, కుక్కకి మంట పుట్టింది, పిడుదు కదల్లేదు. అగరువత్తి నిప్పు చూపించాడు. గింజ బొచ్చు కమిలింది. చివరికి చెవి వెనకనుంచి నన్ను తీశాడు.

కెంపులు పొదిగిన దాన్ని. సూదిమొనంత వజ్రాన్ని ఊపిరి తగలకుండా గూట్లో కూర్చోబెట్టిన దాన్ని. నాతో పిడుదు పట్టించడమా? కానీ పని మొదలయ్యాక ఒప్పుకోక తప్పలేదు, ఆయన చేతిలో ఆ పని కూడా నగిషీలానే సాగింది. ఉబ్బిన పొట్టను నొక్కలేదు. నా మూతులు చర్మానికి ఆనించి, పిడుదు తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా, కుదపకుండా, నిటారుగా మెల్లగా లాగాడు. తల విరగకుండా మొత్తం వచ్చింది. గింజ కుయ్యిమనలేదు. ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. చెవులు, కాలివేళ్ళ సందులు, తోక మొదలు, గొంతు కింద. వారానికి ఐదో ఆరో దొరికేవి. తర్వాత పది. దసరా నాటికి లెక్కపెట్టడం మానేశాడు.

“ఇన్ని ఎక్కడినుంచి వస్తున్నాయే?” అనేవాడు. అడిగిన మరుక్షణం కళ్ళు పక్కగోడ వైపు తిరిగేవి.

ఆ గోడకి అవతల దర్శి కోటిలింగం కిరాణా కొట్టు. రెండు కొట్లకీ మధ్య ఒకటే ఇటుకల గోడ, దాని నిండా పగుళ్ళు. కోటిలింగానికి నలభై ఐదేళ్ళు, మాటలో కాస్త దురుసు. బియ్యం బస్తాలకి ఎలుకలు పడుతున్నాయని గోడవారన పిండి ఉండల్లో మందు కలిపి పెట్టేవాడు. గింజ ఒకటి రెండుసార్లు అతని బెల్లం బస్తా దగ్గర కాలెత్తినంత పని చేసింది. ఆడకుక్క కాలెత్తదు, కూర్చుంటుంది. అయినా ఫిర్యాదు ఫిర్యాదే.

“ఆచారిగారూ, మీ కుక్కని కట్టేసుకోండి. రేపు ఏదన్నా తిని పడిపోతే నన్నడగబాకండి” అన్నాడు కోటిలింగం ఒకరోజు అందరూ వింటుండగా.

ఆ మాటని మౌనాచారి మూట కట్టుకుని దాచుకున్నాడు.

కార్తీకమాసం మొదట్లో గింజ అన్నం మానేసింది. ఒళ్ళు కాలిపోతోంది. రెండోరోజు పొద్దున కుంపటి పక్కన పడుకుని తుమ్మింది, గచ్చు మీద రక్తం చుక్కలు పడ్డాయి. మౌనాచారి ఆ చుక్కల్ని చూసి, వంగి వాసన చూసి, లేచి తిన్నగా వీధిలోకి నడిచాడు.

“నా గింజకి ఎలకల మందు పెట్టాడయ్యా వీడు!” అని అరిచాడు. పూలకొట్టు, మిషను కుట్టేవాళ్ళు, పెళ్ళి సరుకుల చీటీ పట్టుకుని నిలబడ్డ వాళ్ళు, అందరూ ఇటు తిరిగారు. “ముక్కులోంచి రక్తం కారతా ఉంది. ఎలక చచ్చేటప్పుడు అట్టాగే కారిద్ది. ముందే చెప్పాడుగా, పడిపోయిద్దని!”

కోటిలింగం చేతిలో తక్కెడ అలాగే ఆగిపోయింది. “నేనెందుకు పెడతానయ్యా? నోరులేని దానికి నేనెందుకు పెడతాను?” అన్నాడు. గొంతులో దురుసు లేదు. భయం ఉంది. దాన్ని మౌనాచారి తప్పు చేసినవాడి భయం అనుకున్నాడు. నిజం చెప్పాలి కదా, నేనూ అలాగే అనుకున్నాను.

పెళ్ళి చీటీ వాళ్ళు చీటీ మడుచుకుని వేరే కొట్టుకి పోయారు. సాయంత్రానికి, మందు కలిపే చేత్తోనే అటుకులు కొలుస్తున్నాడటగా అని ఒకావిడ అంది. మర్నాడు పిల్లల్ని అటు పంపడం మానేశారు. ఒక మనిషి పేరు చెడటానికి ఒక్క పగలు సరిపోయింది.

మౌనాచారి మాత్రం కుక్కని ఎక్కడికీ తీసుకుపోలేదు. సాక్ష్యం కావాలన్నాడు. పెరటి తలుపు ఓరగా తీసి, పొద్దున్నించి సందెవేళ దాకా కోటిలింగం గోడవార వంకే చూస్తూ కూర్చున్నాడు. పక్కన గింజ లేచి నిలబడలేక నీళ్ళగిన్నె వైపు పాకుతోంది. అలా మూడు రోజులు గడిచాయి.

నాలుగో రోజు విశాలాక్షమ్మ ఇక ఊరుకోలేదు. “దొంగని తర్వాత పట్టుకుందురుగాని. ముందు దాని ప్రాణం పట్టుకోండి” అని, కుక్కని పాతచీరలో చుట్టి ఆటో ఎక్కింది. ఆయన కూడా ఎక్కక తప్పలేదు. నేను ఆయన చెవి వెనకే ఉన్నాను.

పశువుల డాక్టరు షమీమ్ అనే నడివయసు ఆవిడ. మౌనాచారి చెప్పిందంతా విని, గింజ పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నెత్తురు తీసి గాజుపలక మీద రాసి, లోపలికి వెళ్ళి చాలాసేపటికి వచ్చింది.

“ఎలుకల మందుకి కూడా ముక్కులోంచి రక్తం రావచ్చు పెద్దాయనా. మీరు అనుమానపడటంలో తప్పులేదు” అంది. “కానీ ఇది మందు కాదు. పిడుదుల జ్వరం. పిడుదు కుట్టినప్పుడు క్రిమి నెత్తుట్లోకి ఎక్కింది. నెత్తురు గడ్డకట్టే గుణం పోయింది. ఎన్నాళ్ళయింది అన్నం మానేసి?”

“ఐదురోజులమ్మా” అంది విశాలాక్షమ్మ.

డాక్టరమ్మ సూదిమందు ఇచ్చింది. నిలబడితే నిలబడుతుంది, ఇంకో రెండు రోజులు పోతే గానీ చెప్పలేనంది. మౌనాచారికి ఆవిడ మీద కూడా నమ్మకం కుదరలేదు.

“పిడుదులు నేను వదల్లేదు డాక్టరమ్మా. ప్రతి ఆదివారం తీస్తాను. ఒక్క తల కూడా లోపల విరగనియ్యను” అన్నాడు రోషంగా.

“ఎలా తీస్తారో చూపించండి.”

ఆయన నన్ను తీశాడు. గింజ కాలివేళ్ళ సందులో ఒకటి కనబడింది. నన్ను ఆనించాడు, తల దగ్గర పట్టాడు, లాగాడు. ఎంత నేర్పుగా వచ్చిందంటే డాక్టరమ్మ కనుబొమ్మలు పైకి లేచాయి. ఆ వెంటనే, ఆయన తలుచుకోకుండానే, ఆయన చెయ్యి నన్ను బల్ల అంచు మీద టక్కుమని తట్టింది. పిడుదు కిందపడింది. పడి, కాళ్ళు సర్దుకుని, గోడ వైపు నడక మొదలుపెట్టింది.

డాక్టరమ్మ దాన్ని దూదితో పట్టి స్పిరిట్‌లో వేసి, అడిగింది: “కొట్లో కూడా ఇలాగే తడతారా?”

ఆ ప్రశ్న మీకు అర్థం కావాలంటే కంసాలి చేతి సంగతి చెప్పాలి. పనిముట్టుకి అంటుకున్న పొడి ఎంత సన్నదైనా, దాన్ని పీట అంచు మీద తట్టి కిందికి రాల్చడం మా ఇంట తరతరాల అలవాటు. ఎందుకంటే పీట కింద రాలిందేదీ పోదు. ఆకురాతి పొడి, దుమ్ము, మసి, అంతా కలిపి సాయంత్రం చీపురుతో ఊడ్చి గోనెసంచిలో పోస్తారు. ఆ మట్టి కడిగి బంగారం తీసుకునేవాళ్ళు ఏడాదికోసారి వచ్చి కొనుక్కుపోతారు. మా వీధికి వాళ్ళు రావడం మానేసి మూడేళ్ళయింది. సంచి మాత్రం గోడవార అలాగే ఉంది. విశాలాక్షమ్మ పారేస్తానంటే, ‘ఎవరికిద్దామని?’ అని ఆవిణ్ణే అనుమానించాడు. గింజ రోజూ ఆ సంచికే ఒళ్ళు ఆనించి నిద్రపోయేది.

నాకు తెలియదా అంటే తెలుసు. ప్రతి ఆదివారం నా మూతుల్లోంచి జారేటప్పుడు అవి కాళ్ళాడిస్తూనే ఉన్నాయి. నేను ఎత్తినదాన్ని చూసుకున్నాను గానీ, దించినచోటు ఎన్నడూ చూడలేదు.

“ఉబ్బిన ఆడపిడుదు కిందపడితే చాలు” అంది డాక్టరమ్మ. “చీకటి సందు వెతుక్కుని వేల గుడ్లు పెడుతుంది. పిల్లలు గోడ పగుళ్ళలో కూర్చుని మళ్ళీ కుక్క కోసం చూస్తాయి. మీరు తీస్తున్నారు, మీరే నాటుతున్నారు.”

మౌనాచారి తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. జీవితమంతా ఊరు అనుమానించిన చెయ్యి అది. దాన్ని ఆయన మొదటిసారి అనుమానించాడు. కళ్ళనీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

నెల రోజులకి మాత్రలు, ప్రతి నెలా మెడ వెనక చర్మం మీద వేయాల్సిన మందుచుక్కలు, మూత బిగించిన స్పిరిట్ సీసా ఇచ్చి, ఇంటికి వెళ్ళగానే ఏం చేయాలో రెండుసార్లు చెప్పి పంపింది డాక్టరమ్మ. ఇద్దరూ అలాగే చేశారు. సంచిని పెరట్లోకి ఈడ్చి మూతి విప్పితే, ఆవాలు ఒలికినట్టు పిడుదు పిల్లలు సంచి అంచుకి పాకివచ్చాయి. విశాలాక్షమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, అండాతో సలసలకాగే నీళ్ళు పోసింది. పాతచీర, గింజ పడుకునే గోనెపట్టా కాల్చేశారు. గోడ పగుళ్ళు సిమెంటుతో పూడ్చారు, తమ వైపు మటుకు. మూడోరోజు సాయంత్రం గింజ లేచి నాలుగు ముద్దల పెరుగన్నం తింది. దాని ప్రాణం గట్టెక్కింది.

గోడకి రెండోవైపు ఉంది కదా. దాన్ని పూడ్చాలంటే కోటిలింగం కొట్లోకి వెళ్ళాలి. మౌనాచారి తొమ్మిదింటికి, బజారు నిండుగా ఉన్నప్పుడే వెళ్ళాడు. తమలపాకుల గంప దింపుకుంటున్న ఆవిణ్ణి కూడా ఆగమన్నాడు.

“నా కుక్కకి ఎవురూ మందు పెట్టలా. పిడుదుల జ్వరం. ఆ పిడుదులు నా కొట్లో పెరిగినియ్యి, నా చేత్తోనే పెంచాను. కోటిలింగం మీద నేనన్నది అబద్ధం” అన్నాడు.

అందరూ విన్నారు. ఒకాయన ‘అయ్యో’ అన్నాడు. కోటిలింగం బెల్లం తూచడం ఆపలేదు.

“అరిచినరోజు వీధంతా విన్నారు ఆచారిగారూ. ఇయ్యాల నలుగురు విన్నారు” అన్నాడు. “గోడ పూడ్చుకోండి. నాకేం అభ్యంతరం లేదు.”

గోడ పూడ్చారు. కానీ అటుకులకి పిల్లలు రాలేదు. ఆచారి ఏదో సర్దుకున్నాడులే, ఇరుగుపొరుగు కదా, అని జనం కొత్త అనుమానం కనిపెట్టుకున్నారు. అది ఎలా పనిచేస్తుందో మౌనాచారికి తెలిసినంత బాగా మరెవరికి తెలుసు? ఆయన ఆ వారమంతా సరిగ్గా భోంచేయలేదు.

ఆదివారం పొద్దున గింజని చంకనెత్తుకుని, నన్నూ స్పిరిట్ సీసానీ పట్టుకుని కోటిలింగం కొట్టు అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. వీధిలో పోయేవాళ్ళందరికీ కనిపించే చోటు అది. నన్ను కోటిలింగం ముందు పెట్టాడు.

“ఇకమీద నువ్వు తియ్యి” అన్నాడు.

“నేనా? నాకేం వచ్చు?”

“నేర్పుతాను. నా చేతికి చెడ్డ అలవాటుంది. దాన్ని నేను నమ్మను.”

కోటిలింగం చాలాసేపు ఆయన మొహంలోకి చూశాడు. ఇందులో ఏం మెలిక ఉందోనని వెతికాడు, ఆ చూపు నేను ఎరుగుదును. చివరికి పప్పు అంటిన చేతులు పంచెకి తుడుచుకుని నన్ను ఎత్తాడు. మోటు వేళ్ళు. చీపురుపుల్లని పట్టినట్టు పట్టాడు. గింజ అతని ఒళ్ళో తలపెట్టి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకుంది. పూలకొట్టు ఆవిడ దండ కట్టడం ఆపి చూస్తోంది. తమలపాకులావిడ ఆగిపోయింది. ఎక్కడినుంచో ఇద్దరు ఆడపిల్లలు వచ్చి అరుగుకి ఆనుకున్నారు.

“పొట్ట నొక్కబాక. చర్మానికి ఆనించు. తల దగ్గర. ఆఁ, ఇప్పుడు నిటారుగా లాగు, తిప్పబాక, తొందరపడబాక.”

వచ్చింది. సంచి పోయినా మిగిలిన ఒక చిన్న పిడుదు, నా మూతుల మధ్య కాళ్ళాడిస్తోంది. కోటిలింగం చెయ్యి గాల్లో ఆగింది. మౌనాచారి మూత తీసి సీసా చాపాడు.

కోటిలింగం అందులోకి తొంగి చూశాడు.

“ఇందులో ఏముంది?” అన్నాడు.

పాత మౌనాచారి అయితే ఆ మాటకి అరుగు దిగి వెళ్ళిపోయేవాడు. ఈయన సీసాని ఇంకాస్త ముందుకి జరిపాడు.

“స్పిరిట్. డాక్టరమ్మ ఇచ్చింది. వాసన చూసుకో, పర్లేదు.”

కోటిలింగం నిజంగానే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. ఘాటుకి తుమ్మాడు. ఆడపిల్లలిద్దరూ కిసుక్కుమన్నారు. అతను నన్ను సీసాలో ముంచి, పిడుదు వదిలేదాకా ఆడించి, అది అడుక్కి దిగిందో లేదో వెలుతురుకెత్తి చూసుకుని, మూత తనే బిగించాడు.